మామగారింకా అక్కడిదాకా రాలేదు

మా మామగారు ఇరవై ఏళ్ళు వెనకబడి ఉన్నారు. ఇది కోడలి కచ్చతో అంటున్న మాట కాదు, ఆయన ఛాతీ విరుచుకుని నలుగురికీ చెప్పుకునే మాటే. ఫోటోగ్రఫీ మీద వచ్చే ఒక మాసపత్రికకి ఆయన చిరకాల చందాదారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ తీరిక లేక సంచికలు పోగుపడిపోయాయని, ఇకమీదట వరసలో చదువుకొస్తానని రిటైరైన మర్నాడే ప్రకటించారు. అప్పట్నుంచీ ప్రకటనలతో సహా అక్షరం వదలకుండా చదువుతున్నారు. ఒకటి పూర్తయితేగాని రెండోది ముట్టరు. పత్రికేమో ఆయన కోసం ఆగకుండా నెలనెలా వచ్చి పడుతోంది. ఆయనేమో ఇంకా కెమెరాలో రీలు వేసే కాలంలోనే ఉన్నారు.

అలాగని ఆయన ఫోటోగ్రాఫరనుకునేరు! ఆఫీసు గుమాస్తా. జన్మకల్లా ఆయన తీసిన ఫోటో ఒక్కటే, అదీ మా పెళ్ళిలో. వచ్చినవాళ్ళందరి కాళ్ళూ అందులో చక్కగా పడ్డాయి, తల మాత్రం ఒక్కరికీ లేదు. చెప్పులు చూసి బంధువుల్ని గుర్తుపట్టే ఆట మా ఇంట్లో ఇప్పటికీ ఆడుకుంటాం.

మా ఆడపడుచు కూతురి పెళ్ళికి వెళితే, మామగారు తిన్నగా ఫోటోగ్రాఫరు దగ్గరికి వెళ్ళారు.

"రీలు ఏ కంపెనీదయ్యా?"

"రీలేంటి సార్, ఇది డిజిటల్..."

ఈయన కొంపలంటుకున్నట్టు రెండు చెవులూ మూసుకున్నారు. "చెప్పకు! నేనింకా అక్కడిదాకా రాలేదు!"

"ఎక్కడిదాకా సార్?"

"నేను చదివే సంచికలో అదింకా పుకారే. అయినా అది నిలవదులే."

ఆ తర్వాత ఆ ఫోటోగ్రాఫరు మా వైపు కన్నెత్తి చూస్తే ఒట్టు. పెళ్ళి ఆల్బంలో మా కుటుంబం లేదు. ఉన్నా కాళ్ళే ఉండేవేమో అని మా ఆయన సరిపెట్టుకున్నారు.

ఇంట్లోనూ ఇదే వరస. మా అమ్మాయి ఫోనులో ఫోటో చూపించబోతే కళ్ళు గట్టిగా మూసుకుని, "ప్రింటు వేయించి పట్రా తల్లీ, చూస్తాను" అంటారు. ఒక సంచిక చదవడం పూర్తయిందంటే దాని వెనక అట్టమీద టీ కప్పు పెడతారు. గుండ్రటి మరక పడుతుంది. అదే ఆయన రాజముద్ర. మరకుంటే చదివినట్టు, లేకుంటే లేనట్టు. టీ పెట్టేది నేను, ముద్ర కొట్టేది ఆయన.

ఈ సంస్థానమంతా మా ముందు గదిలో ఉండేది. ఒక గోడకి చదివినవి. ఎదురు గోడకి చదవాల్సినవి, కాగితం చుట్టి, పురికొస కట్టిన కట్టలు. వాటిని ఎవరూ తాకకూడదు. అట్టమీద బొమ్మ కనబడితే జరగబోయేది ముందే తెలిసిపోతుందట! కాగితం చుట్టి ఉన్నా నమ్మకం లేదు. ఆ వైపు నడవాల్సి వస్తే కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని తడుముకుంటూ వెళ్ళేవారు. నెలకోసారైనా తలుపుకి గుద్దుకుని నుదురు బొప్పి కట్టేది. బొప్పికి మందు రాయడం కూడా నా పనే.

నేను ఇంట్లో బట్టలు కుడతాను. మిషను వంటింటి గుమ్మం పక్కన ఉండేది. ఒకావిడ, గౌను బాగానే కుదిరింది గానీ ఉల్లిపాయ వాసన వస్తోందని తిప్పి పంపేసింది. అలాంటి రోజుల్లో ఒక స్కూలు వాళ్ళు యూనిఫారాలు కుట్టే ఆర్డరిచ్చారు. ఉన్న నగ ఒకటి అమ్మి పెద్ద మిషను కొన్నాను. సోమవారం వస్తుంది. అది పట్టేది ముందు గదిలోనే. గది ఖాళీ కాకపోతే మిషనూ పోతుంది, ఆర్డరూ పోతుంది, నేను మళ్ళీ ఉల్లిపాయల పక్కన కూర్చోవాలి.

ఇంట్లో పంచాయితీ పెట్టాను.

"మామయ్యగారూ, చదివేసినవి ఇచ్చేద్దామా?"

"అమ్మో! మళ్ళీ చూసుకోవాల్సి వస్తుంది."

"పోనీ, చదవనివి?"

"చదవకుండా ఎలా ఇస్తానమ్మాయ్?"

"మరి ఏవి ఇవ్వచ్చు?"

ఆయన బాగా ఆలోచించారు. "పాత టెలిఫోను డైరెక్టరీ ఒకటుంది. అది నిక్షేపంగా ఇచ్చెయ్."

నేను మా ఆయన వైపు చూశాను. "నాన్న చెప్పిందీ నిజమే, నువ్వు చెప్పిందీ నిజమే" అన్నారాయన. పెళ్ళయినప్పట్నుంచీ ఆయన చెప్పిన తీర్పు అదొక్కటే.

లైబ్రరీ ఆవిణ్ణి పిలిపించాను. పాపం, సంతోషంగా వచ్చింది.

"వరసలోనే ఉంచుతారా?" అన్నారు మామగారు.

"ఉంచుతామండీ."

"ఎవరైనా మధ్యలోంచి ఒకటి లాగితే?"

"లాగుతారండీ, లైబ్రరీ కదా!"

"అయితే కుదరదు" అన్నారు. ఆవిడకి టీ ఇచ్చి పంపించాను.

తర్వాత పాత కాగితాలు కొనే అతను తక్కెడతో సహా వచ్చాడు. మామగారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. "ఇందులో ఏముందో తెలుసా నీకు? వెలుగుని ఎలా కొలవాలో ఉంది!"

"నా దగ్గర తక్కెడ ఉంది సార్, ఏదైనా కొలుస్తాను" అన్నాడతను.

అరగంట వాదన జరిగాక అతను టెలిఫోను డైరెక్టరీ చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఆదివారం వచ్చేసింది. సాయంత్రం మామగారు అలవాటు ప్రకారం ఒక సంచిక చంకలో పెట్టుకుని షికారుకి బయల్దేరారు. ఏ పార్కు బెంచీ మీదో కూర్చుని చదువుకొస్తారని మా అందరి నమ్మకం. ఆయన వీధి మలుపు తిరగ్గానే నేను చెంగు దోపి స్టూలెక్కాను. ముందు బయట పెట్టేస్తే తర్వాత సంగతి తర్వాత చూసుకోవచ్చు. పై కట్ట లాగాను. పురికొస తెగి కట్ట మొత్తం కింద పడింది. సంచికలన్నీ బోర్లా పరుచుకున్నాయి.

ప్రతి దాని వెనకా గుండ్రటి టీ మరక!

ఇంకో కట్ట విప్పాను. మరకలే. పోయిన నెల వచ్చిన సంచిక తీసి చూశాను. దానిమీదా మరకే. నా టీ మరక నాకు తెలియదా? డిజిటల్ కెమెరాల వ్యాసం పక్కన పెన్సిలుతో "భేష్" అని కూడా రాసి ఉంది. అంటే ఈ మహానుభావుడు వచ్చిన సంచిక వచ్చినట్టే చదివేసి, గుట్టుగా ముద్ర కొట్టి, మళ్ళీ కాగితం చుట్టి పైన పెడుతున్నారన్నమాట. ఆ చెవులు మూసుకోవడాలు, ఆ కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకోవడాలు, ఆ బొప్పులు, వాటికి నేను రాసిన మందు! ఇంటిల్లిపాది చెవుల్లోనూ పువ్వులు పెట్టారు.

కొత్త సంచిక చేత్తో పట్టుకుని, వేసుకున్న చెప్పులు ఎవరివో కూడా చూసుకోకుండా వీధిలో పడ్డాను. పార్కులో లేరు. గేటు పక్కన చెప్పులు కుట్టే అతన్ని అడిగితే, "మీ మామగారా? రోజూ స్టూడియోలోనే ఉంటారు కదమ్మా" అన్నాడు.

వీధి చివరి స్టూడియో మూతపడి చాలా ఏళ్ళయింది. షట్టరు సగం ఎత్తి ఉంది. వంగి చూశాను. లోపల సరస్సు, రెండు హంసలు ఉన్న పాత తెర వేలాడుతోంది. దాని ముందు కుర్చీలో స్టూడియో యజమాని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఒళ్ళో కెమెరా పెట్టుకుని కూర్చున్నారు. ఎదురుగా స్టూలు మీద మా మామగారు పత్రిక పైకి చదువుతున్నారు.

"ముందుముందు వచ్చే కెమెరాలకి రీలు అవసరం ఉండదని చెప్పుకుంటున్నారు..."

"రీలు లేకుండా ఫోటోనా?" స్టూడియో పెద్దాయన పకపకా నవ్వారు. "నిలవదు గుమాస్తా, రాసిపెట్టుకో."

"నిలవదు" అన్నారు మామగారు.

"రేపు పొద్దున్నే తెరవాలి. కడగాల్సిన రీళ్ళు పేరుకుపోయాయి."

"తెరుద్దాం" అన్నారు మామగారు, పేజీ తిప్పుతూ. అప్పుడు నన్ను చూశారు. నా చేతిలో ఉన్న కొత్త సంచికనీ చూశారు. నీళ్ళు నములుతూ బయటికొచ్చారు.

"గట్టిగా మాట్లాడకమ్మాయ్. వాడికి ఈ మధ్య రోజులేవీ గుర్తుండవు. స్టూడియో నడిచిన రోజులు మాత్రం నిన్న జరిగినట్టు ఉంటాయి. రోజూ వచ్చి చదివి పెడుతుంటే హాయిగా ఉంటాడు. ఒకసారి వరసలో చదువుకుంటూ పోయి, రీళ్ళ ఫ్యాక్టరీ మూసేసిన వార్త ఉన్న సంచిక కూడా చదివేశాను, బుద్ధి లేక. 'మరి నేనేం చెయ్యాలి గుమాస్తా' అన్నాడు. రెండు రోజులు అన్నం ముట్టలేదు. తర్వాత అదీ మరిచిపోయి, కొత్త సంచిక వచ్చిందా అనడిగాడు. పాతది పట్టుకొచ్చాను. అప్పట్నుంచీ ఆ సంచిక దగ్గరపడితే చాలు, మళ్ళీ మొదటికొస్తాను."

"బాగానే ఉంది. ఇంట్లో ఎందుకండీ ఈ నాటకం?"

"పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉంటే తడబడనూ? ఒకసారి నోరుజారి మెమరీ కార్డు అన్నాను. 'ఎవరికి పంపుతారు దాన్ని?' అన్నాడు కాబట్టి బతికిపోయాను. పైగా ఇంట్లో చెబితే వీధంతా తెలిసిపోతుంది. మనింట్లో కొందరి నోళ్ళు..." అని నా మొహం చూసి ఆపేశారు.

ఇంకోసారైతే ఆ 'కొందరు' ఎవరో తేల్చేదాన్ని. కానీ ఆ క్షణాన నా కోపం ఎటు పోయిందో పోయింది, ఆ నుదుటి మీది బొప్పి చూస్తే ఆయనంటే ఎక్కడలేని ఇష్టం పుట్టుకొచ్చింది. అది పైకి చెప్పడానికి నామోషీ వేసి గది సంగతి ఎత్తాను.

"ఇంతకీ ఈయనకి కావలసినవి రీళ్ళ కాలంవేగా? అవన్నీ తెచ్చి ఇక్కడే పెట్టేస్తే?"

మామగారు నోరెళ్ళబెట్టారు. ఇన్నేళ్ళూ చంకలో ఒక్కొక్కటీ మోసుకొచ్చిన మనిషికి ఆ ఆలోచనే రాలేదట.

లోపలికెళ్ళి అడిగాం. "డార్క్ రూంలో అరలు ఖాళీయేగా, పెట్టుకో" అన్నారు పెద్దాయన. "వరస మాత్రం చెడగొట్టకు."

"తర్వాతి కాలంవి?" అని మామగారిని గొంతు తగ్గించి అడిగాను.

"తూకానికే. ఎలాగూ చదివేశానుగా" అన్నారు, ఏమాత్రం సిగ్గు లేకుండా. నా చేతిలోది మాత్రం లాక్కున్నారు. "ఇందులో ఒక లెన్సు సంగతి ఇంకోసారి చూడాలి."

ఆ రోజు చీకటి పడేలోగా మా ఆయనా నేనూ రీళ్ళ కాలాన్ని రిక్షాలో స్టూడియోకి చేరవేశాం. పొద్దున్నే పాత కాగితాల అతను వచ్చి మిగతావి తూచి పట్టుకుపోయాడు. టెలిఫోను డైరెక్టరీ ఎవరూ కొనలేదని తిరిగిచ్చేశాడు. మధ్యాహ్నానికి మిషను వచ్చింది. దాని కాలొకటి ఎగుడుదిగుడుగా ఊగుతుంటే, ఫ్యాక్టరీ మూసేసిన సంచికని మడిచి దానికింద పెట్టాను. ఇప్పుడు మిషను కదలదు, ఆ సంచికా కదలదు.

ఇప్పుడు సాయంత్రం కుట్టుపని ఆపి, ఫ్లాస్కులో టీ పట్టుకుని నేనూ స్టూడియోకి వెళుతున్నాను. మొదటిరోజు పెద్దాయన నన్ను హంసల ముందు కూర్చోబెట్టారు. "గడ్డం కాస్త పైకి. అదీ! నవ్వాలమ్మా." రీలు లేని కెమెరా టక్కుమంది. "రేపొచ్చి ప్రింటు పట్టుకెళ్ళు."

సరిగ్గా అప్పుడే నా సంచిలో ఫోను మోగింది. మామగారు ఊపిరాడనట్టు పెద్దగా దగ్గడం మొదలుపెట్టారు.

"ఏంటమ్మా మోగుతోంది?"

"అలారం గడియారమండీ" అన్నాను, సంచిలో చెయ్యి పెట్టి దాని నోరు నొక్కుతూ.

"మంచిది. అన్నట్టు, రీలు లేని కెమెరా ఏదో రాబోతోందట, విన్నావా? నిలుస్తుందంటావా?"

మామగారు దగ్గు ఆపి, మొహానికి పత్రిక అడ్డం పెట్టుకున్నారు. పైనుంచి కళ్ళు మాత్రం నన్నే చూస్తున్నాయి.

"ఏమోనండీ" అన్నాను. "నేనింకా అక్కడిదాకా రాలేదు."

పెద్దాయన మెచ్చుకోలుగా తలాడించారు. "చూశావా గుమాస్తా! నీలా కాదు, తెలియనిది తెలియదని చెబుతోంది."