వినకుండా గెలిచిన వాదన

మా ఆవిడ సంస్మరణ సభలో ఒకమ్మాయి అందరినీ నవ్వించింది. ఇక్కడి కెనడా కాలేజీలకి మన పిల్లలు వెల్లువలా వచ్చిన ఆ ఏళ్ళలో, వాటర్లూలో మా బేస్‌మెంట్‌లో అద్దెకున్న స్టూడెంట్లలో తనూ ఒకతి. మా ఇద్దరికీ ఇష్టమైన హవాయి సంగీతంలో ఆ ఏడాది పెద్ద అవార్డు ఏ ఆల్బమ్‌కి రావాలని నేనూ మా ఆవిడా వాదించుకున్న రోజు గురించి చెప్పింది. "అంకుల్ లాయర్‌లా ఆర్గ్యూ చేశారు. మేమంతా ఆయనకే ఓటేశాం!"

నేనూ నవ్వాను. కానీ జరిగింది అంతే కాదు.

నేను మెచ్చింది గిటార్ ఆల్బమ్. ఆవిడ మెచ్చింది ఒక ముసలావిడ పాడినది. "ఏడుపు పాటలకి అవార్డేమిటి?" అన్నాను. పిల్లలు నా వైపు చేతులెత్తారు.

"గెలిచారుగా, ఇప్పుడైనా నాది ఒక్కసారి వినండి. అందులో మీకో చోటు వినిపించాలి," అంది.

అప్పటికి అందులో ఒక్క పాట కూడా నేను వినలేదు. "వీకెండ్‌లో విందాంలే," అన్నాను. మరో రెండుసార్లు అడిగి ఊరుకుంది. ఆ చలికాలంలోనే గుండెపోటుతో పోయింది.

సభ నుంచి వచ్చి, కారు ఇంటిముందు ఆపి, అందులోనే కూర్చుని ఆ ఆల్బమ్ మొత్తం విన్నాను. ఏడుపు పాటలేమీ కావు. ఒకదాంట్లో ఆ ముసలావిడ నవ్వాపుకోలేక మధ్యలో ఆగిపోతుంది కూడా. మా ఆవిడ వినిపించాలనుకున్న చోటు అదేనా? మళ్ళీ మొదటినుంచి పెట్టాను. ఈసారి ప్రతి పాటలోనూ ఆ చోటు ఇదే అయ్యుంటుందనిపించింది.