గేటు దగ్గర ఇచ్చిన దరఖాస్తు

2017 జూన్‌లో నన్ను షాద్‌నగర్ దగ్గరి ఒక సంచుల ఫ్యాక్టరీకి సిబ్బంది విభాగం మేనేజర్‌గా బదిలీ చేశారు. అంతకు ముందు పదకొండేళ్లు అదే కంపెనీ హైదరాబాద్ ఆఫీసులో పనిచేశాను. సిమెంటు, ఎరువులు నింపే తెల్లటి ప్లాస్టిక్ సంచులు అక్కడ తయారయ్యేవి. ప్లాస్టిక్‌ను సన్నటి పట్టీలుగా సాగదీసి, వాటినే పోగులుగా చేసి గుండ్రటి మగ్గాల మీద నేస్తారు. దాదాపు నాలుగు వందల మంది పనివాళ్లు, మూడు షిఫ్టులు. మనుషులను పనిలోకి తీసుకోవడం, హాజరు, సెలవులు, తగాదాలు అన్నీ నా విభాగం కిందికే వచ్చేవి.

పనిలో చేరడానికి మూడు దారులుండేవి. ఏ డిపార్ట్‌మెంటుకైనా మనుషులు కావాలంటే ఎంతమంది, ఏ పనికి, ఎప్పటికి అని దాని అధిపతి రాసి పంపుతాడు. ఆ కాగితాన్ని ఇండెంటు అంటాం. ఇండెంటు రాగానే మొదట కన్సల్టెన్సీకి ఫోన్ చేస్తాం. వాళ్లు రెండు రోజుల్లో పేర్లు పంపుతారు. రెండోది సిఫారసు. మా దగ్గర పనిచేస్తున్నవాళ్లు తమకు తెలిసినవాళ్ల పేర్లు ఇస్తారు. మూడోది గేటు. లోపల ఎవరూ తెలియనివాళ్లు నేరుగా వచ్చి, సెక్యూరిటీ దగ్గర అచ్చు ఫారం తీసుకుని, అక్కడే నిలబడి నింపి ఇచ్చి పోతారు. ఆ ఫారాలు మా గుమస్తా బల్ల పక్కనున్న ట్రేలో పడేవి. ఆరు నెలలు ఉంచి తీసెయ్యాలని నియమం. తీసేసేముందు చదవాలని మాత్రం ఎక్కడా రాసిలేదు.

మొదటి రెండు దారుల్లోనే ఖాళీలు నిండిపోయేవి. సిఫారసు మీద వచ్చినవాళ్లు తమను తెచ్చినవాళ్ల మాట పోతుందన్న భయంతోనైనా నాలుగు రోజులకే మానెయ్యరని మా నమ్మకం. అది చాలావరకు నిజమే.

ఈ ఉద్యోగానికి వచ్చాక నా చుట్టూ మనుషులు ఎక్కువయ్యారు, మాట్లాడేవాళ్లు తగ్గిపోయారు. నేను పెళ్లి చేసుకోలేదు. నల్గొండలో అన్నయ్య కుటుంబం ఉంది. అన్నయ్య ఫోన్ చేస్తే, ఆరోగ్యం ఎట్లా ఉందని అడిగిన రెండో నిమిషంలో ఉద్యోగానికి ఎవరో ఒకరి పేరు చెప్పేవాడు. పెళ్లికి వెళ్తే బంతిలో కూర్చున్న నా చేతిలో బయోడేటా పెట్టేవాళ్లు. క్యాంటీన్‌లో నా బల్ల దగ్గరికి ఎవరైనా వచ్చి కూర్చుంటే, వీళ్ల మనిషినెవరినో పెట్టించుకుంటున్నారని మిగతావాళ్లు అనుకునేవాళ్లు. అందుకని ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. కొన్నాళ్లకు పెళ్లిళ్లకు వెళ్లడం మానేశాను. ఆదివారాలు ఫోన్ మోగకుండా పెట్టి, వారానికి సరిపడా చీరలు ఇస్త్రీ చేసుకునేదాన్ని. మధ్యాహ్నానికి ఆ పని కూడా అయిపోయేది.

నేను కిరాయికున్న ఇంట్లో రెండు పోర్షన్లు. రెండోదాంట్లో అండాలు, ఆమె భర్త యాదగిరి ఉండేవాళ్లు. వాళ్లది నల్గొండ వైపు చేనేత ఊరు. మోకాళ్లు పట్టేసి గుంటమగ్గంలో కాళ్లు ఆడకపోవడంతో యాదగిరి నేత మానేసి, షాద్‌నగర్‌లో ఒక గోదాముకు వాచ్‌మన్‌గా వచ్చాడు. అండాలుకు నలభై దాటాయి. ఇంట్లో చీరలకు ఫాల్ కుట్టేది. మొదట్లో నన్ను మేడమ్ అనేది. ఒకసారి నాకు జ్వరమొస్తే మూడు రోజులు జావ కాచి తెచ్చింది. నాలుగో రోజునుంచి అక్కా అని పిలిచింది.

సాయంత్రం ఆరున్నరకు నేను ఇల్లు చేరేసరికి ఆమె మెట్ల మీద కూర్చుని ఏదో ఒకటి ఒలుస్తుండేది. నేనూ చేటలో చెయ్యి పెట్టేదాన్ని. మగ్గం గురించి చెప్పేది. నేసిన బట్ట మీద అరచెయ్యి పెట్టి నడిపిస్తే, కంటికి ఆనని తప్పు కూడా చేతికి తగులుతుందనేది. నేను ఫ్యాక్టరీ సంగతులు చెప్పేదాన్ని. ఒకరోజు అన్నయ్యతో ఫోన్ మాట్లాడి పెట్టేశాక, విసుగులో ఆమెతో ఒక మాటన్నాను.

“అండాలూ, నన్ను నౌకరి అడగని మనిషివి నువ్వొక్కదానివే.”

ఆమె నవ్వింది. నేను మెచ్చుకోలుగానే అన్నాను.

2019 ఫిబ్రవరిలో క్వాలిటీ విభాగం నుంచి ఆరుగురు చెకర్లు కావాలని ఇండెంటు వచ్చింది. నేసిన బట్టను బల్ల మీద పరిచి, తెగిన పోగులు, జారిన అల్లిక పట్టుకోవడం చెకర్ పని. ఐదు రోజుల్లో ఆరు ఖాళీలూ నింపాం. ఇద్దరు కన్సల్టెన్సీ నుంచి, నలుగురు సిఫారసు మీద. ఆ నలుగురిలో ఒకామె అంతకు ముందు ఒక బట్టల షాపులో బిల్లులు రాసింది. అందరికంటే ముందు ఆమె కాగితం మీదే సంతకం పెట్టాను, ఎందుకంటే ఆ పేరు పైనుంచి వచ్చింది.

మే నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంటి ముందు ట్రాలీ ఆటో ఆగింది. బయటికి వచ్చి చూస్తే యాదగిరి బీరువాకు తాడు కడుతున్నాడు. అండాలు మెట్ల మీద గిన్నెలు మూట కడుతోంది. ఏమైందని అడిగాను. ఊరికి పోతున్నామంది. గోదాము మూసేసి ఐదు నెలలైందట. అప్పట్లో డ్యూటీ మారిందని మాత్రమే నాకు చెప్పింది. ఇన్ని రోజులు ఎట్లా గడిచిందని అడిగితే, తను కూడా పని కోసం తిరిగానని, మూడు ఫ్యాక్టరీల గేట్ల దగ్గర దరఖాస్తులు ఇచ్చానని చెప్పింది.

“మా దాంట్ల గూడ ఇచ్చినవా?”

“ఇచ్చిన. సంక్రాంతి ముంగట.”

“మరి నాకెందుకు చెప్పలే?”

ఆమె మూట ముడి బిగించి అంది.

“అడగంది నువ్వొక్కదానివే అన్నవు గదక్కా. గా మాట ఇన్నంక ఎట్ల అడగాలె? నువ్వు జూసే ఉంటవనుకున్న. పిలువలే గాబట్టి పనికిరానేమో అనుకున్న.”

సంక్రాంతికి ముందంటే, అప్పటికి నాలుగు నెలలు దాటింది. ఆ నాలుగు నెలలూ ప్రతి సాయంత్రం నా పక్కనే కూర్చుంది. తన కాగితం చదివి పక్కన పెట్టిన మనిషినని అనుకుంటూనే నాకు చిక్కుడుకాయలు ఒలిచి ఇచ్చింది. నేను చూడలేదని చెప్పాను. అది నిజం. చూసి వద్దనుకున్నాననడం కంటే అదేమంత మంచి జవాబు కాదని చెబుతున్నప్పుడే తెలిసింది. ఆమె తలూపింది. ఆటో వెళ్లిపోయింది.

మరునాడు గుమస్తాను అడిగి ట్రే నా బల్ల మీదికి తెప్పించుకున్నాను. నూటపైచిలుకు ఫారాలున్నాయి. ఆమెది మధ్యలో దొరికింది. గుండ్రటి, జాగ్రత్త గల చేతిరాత. అనుభవం అన్నచోట ‘ఇరవై రెండేండ్లు మగ్గం’ అని రాసింది. మా ఫారం చివర ఒక గడి ఉంటుంది: మా సంస్థలో మీకు తెలిసిన ఉద్యోగి పేరు. అక్కడ ‘ఎవ్వరూ లేరు’ అని రాసింది.

ఆ రోజే ఫోన్ చేసి, వచ్చే ఖాళీలో పెట్టిస్తాను రమ్మన్నాను. నా బల్ల మీద ఉన్నన్ని కాగితాలూ చూశావా అని అడిగింది. లేదు, నీదే వెతికి తీశాను అన్నాను. “గట్లయితె వద్దక్కా,” అంది. కోపంగా అనలేదు.

ఆ వారమంతా కూర్చుని ఫారాలన్నీ చదివాను. అందులో ఐటీఐ చదివినవాళ్లున్నారు, వేరే మిల్లులో పదేళ్లు చేసినవాళ్లున్నారు, కల్వకుర్తి నుంచి రెండు బస్సులు మారి వచ్చి ఇచ్చినవాళ్లున్నారు. జూలైలో కొత్త షెడ్డుకు ఎనిమిది మంది చెకర్ల కోసం ఇండెంటు వచ్చినప్పుడు ప్లాంట్ అధిపతి దగ్గరికి వెళ్లాను. సగం ఖాళీలు గేటు దరఖాస్తుల నుంచి, పని పరీక్ష పెట్టి నింపుతానని, అనుభవం ఉన్నవాళ్లకు వయోపరిమితి సడలించమని అడిగాను. ఆలస్యమవుతుందని ఆయన అభ్యంతరం చెప్పాడు. బట్టల షాపు నుంచి వచ్చినామె రెండు నెలలకే మానేసిందని గుర్తు చేశాను. పది రోజులు గడువిచ్చాడు.

చెకర్ పనికి దరఖాస్తు చేసిన అందరికీ ఒకే ఉత్తరం పంపాం. అండాలుకూ వాళ్ల ఊరి చిరునామాకు అదే వెళ్లింది. పది మీటర్ల బట్ట, పావుగంట సమయం, ఎన్ని తప్పులు పట్టుకుంటే అన్ని మార్కులు. బట్టలో పదకొండు తప్పులున్నాయని సూపర్‌వైజర్ ముందే చూసి రాసిపెట్టాడు. పేర్లకు బదులు నంబర్లు ఇప్పించి, పరీక్ష గదికి నేను దూరంగా ఉన్నాను. పద్నాలుగో నంబరు మనిషి పన్నెండు తప్పులు చూపించిందని సాయంత్రం క్వాలిటీ అధిపతి వచ్చి చెప్పాడు. పన్నెండోది సూపర్‌వైజర్‌కే తెలియదట. జాబితా తిప్పి చూస్తే ఆ నంబరు అండాలుది.

ఆగస్టులో చేరింది. ఫ్యాక్టరీకి నడిచి వచ్చేంత దూరంలో, షాద్‌నగర్‌కు ఆ చివర ఇల్లు తీసుకున్నారు. చేరిన రోజు నా గదిలో సంతకాలు పెట్టి “వస్త మేడమ్” అని వెళ్లింది. ఆఫీసు కదా అనుకున్నాను. రెండు వారాల తర్వాత ఒక ఆదివారం పండ్లు తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. యాదగిరి ఉన్న ఒక్క కుర్చీ నాకు వేసి, గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చాయ ఇచ్చి ఆమె కూడా నిలబడే ఉంది. కూర్చోమన్నాను.

“జర అర్థం జేస్కోండి మేడమ్,” అంది. “మీరు మా ఇంటికి వస్తున్నరంటె, నేను పరీక్షల గెలిచి వచ్చిన్నంటె ఎవ్వరు నమ్మరు. నాతోని వచ్చిన ముగ్గురి మీద గూడ మాట పడ్తది.”

ఆమె చెప్పింది సరైనదే. నా విభాగంలో ఎవరైనా ఇట్లాంటి సందేహంతో వస్తే నేనూ అదే సలహా ఇచ్చేదాన్ని. చాయ తాగి వచ్చేశాను. మళ్లీ వెళ్లలేదు. పక్క పోర్షన్‌లోకి ఇద్దరు కుర్ర ఇంజనీర్లు వచ్చారు. వాళ్లు దిగిన వారానికే ఒకతను తమ్ముడి బయోడేటా తెచ్చి ఇచ్చాడు. తీసుకుని, గేటు దగ్గర ఫారం నింపమని చెప్పాను.

2022లో నేను రిటైరయ్యేనాటికి ఆమె షిఫ్టుకు పెద్ద చెకర్ అయింది. ఆ పరీక్షతో వచ్చిన నలుగురిలో ముగ్గురు అప్పటికీ ఉన్నారు. ట్రేను నెలకోసారి చదివి, చదివినట్టు సంతకం పెట్టాలని నేను పెట్టిన నియమం కూడా అప్పటికి అందరికీ అలవాటైపోయింది.

సిఫారసు దారి తప్పని నేను ఇప్పటికీ అనను. దాంతో మంచి పనివాళ్లు చాలామంది వచ్చారు. కానీ అడగని మనిషికి అవసరం లేదని అనుకున్నాను. అది నేను చేసిన తప్పు. దాన్ని దిద్దబోయి మరో తప్పు చెయ్యబోతే అండాలే ఆపింది. ఒక కాగితం ఎవరిదో తెలిశాక వెతికి చదవడం ఎవరైనా చేస్తారు. ఎవరిదో తెలియకముందే చదవడానికి నాకు జీతం ఇచ్చారు. ఆ పని మొదలుపెట్టడానికి నాకు రెండేళ్లు పట్టింది.