గోడ మీది బొమ్మలకు మాటలు

ఆఫీసులో ప్రొజెక్టర్ వేడెక్కి కాస్త దుమ్ము వాసన వచ్చిందంటే చాలు, ఈ పరాయి దేశంలో, డ్రోహెడా ఊళ్ళో మా పక్కింటి సుభద్రా ఆంటీ గుర్తొస్తారు. రిటైరైన డాక్టరు. నోరు దురుసు, మనసు వెన్న. వాళ్ళ తాతగారు మూకీల కాలంలో డేరా సినిమా తెర పక్కన నిలబడి బొమ్మలకు మాటలు చెప్పేవారట. ఆ పిచ్చి ఈవిడకూ అంటుకుంది.

కోవిడ్ వచ్చిన రెండో శీతాకాలం అది. నాలుగున్నరకే చీకటి పడేది. ఆంటీ పెరటి గోడకు దుప్పటి కట్టి, మూకీల చివరి రోజుల నాటి ప్రేమకథ ఒకటి ప్రొజెక్టర్‌తో వేసేవారు. అందులో రెండు జంటలు, నలుగురిలో ఎవరికీ ఎవరితో పొసగదు. కంచెకు ఇవతల నేనూ, మా ఆయన శ్రీధరూ కోట్లు తొడుక్కుని, దూరందూరంగా కూర్చుని చూసేవాళ్ళం. మాకూ పొసగడం లేదు మరి. శ్రీధర్ ఆసుపత్రిలో డ్యూటీ ముగించుకుని రాగానే పై గదిలో తలుపేసుకునేవాడు. అన్నం గుమ్మం ముందు పెట్టి వచ్చేదాన్ని. మాటా పలుకూ లేదు. విసిగిపోయి, విడిగా ఉందామని స్వోర్డ్స్ అనే ఊళ్ళో ఒక గది చూసుకున్నాను. సోమవారం లీజు మీద సంతకం పెట్టాలి. ఆ సంగతి ఆంటీ ఒక్కరికే చెప్పాను.

ఆ ఆదివారం ఆంటీ కంచె అవతలి నుంచి మాకు పాత్రలు పంచారు. ఎవరి మీద కోపమొస్తే ముందు వాళ్ళ తరఫున మాట్లాడి చూడమనేవారట తాతగారు. అందుకని ఒక జంటలో భర్త మాటలు నేను చెప్పాలి, భార్య మాటలు శ్రీధర్ చెప్పాలి. నాకు ఒళ్ళు మండింది. పెద్దావిడను కాదనలేక ఊరుకున్నాను.

తెర మీద భార్య పెట్టె సర్దుకుంటోంది. శ్రీధర్ గొంతు సవరించుకున్నాడు.

"నువ్వు మెట్లు దిగుతున్న చప్పుడు వినగానే రెండో కప్పు తీస్తాను. నువ్వు అట్నుంచటే వెళ్ళిపోతావు. ఆ కప్పు మళ్ళీ అల్మరాలో పెట్టేస్తాను."

నేను రోజూ చేసేదే అది. ఇదంతా చూస్తూనే ఉన్నాడన్నమాట! ఇక నా వంతు. తెర మీద భర్త పెదవులు కదులుతున్నాయి, నాకు ఒక్క ముక్కా తోచలేదు. శ్రీధర్ ఏమంటాడో నాకు తెలిస్తేగా.

ఆంటీ బొమ్మ ఆపేశారు. "తెలియకపోతే అడుగమ్మా. పక్కనే ఉన్నాడుగా."

అడిగాను. వార్డులో తన కళ్ళ ముందే మనుషులు పోతున్నారనీ, తన వల్ల ఆ జబ్బు నాకెక్కడ అంటుకుంటుందోనని భయమనీ చెప్పాడు. చెబుతూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను స్వోర్డ్స్ వెళ్ళలేదు.

ఆంటీ నిరుడు పోయారు. ఆవిడ రుణం నేను తీర్చుకోలేను. మేం ఇప్పటికీ పోట్లాడుకుంటాం, గట్టిగానే. కానీ నోరు తెరిచే ముందు శ్రీధర్ మాట ఒకసారి నాలో నేను చెప్పుకుని చూస్తాను. తోచకపోతే రెండో కప్పు తీసి, టీ పోసి, అడుగుతాను.