అమ్మ గొంతుతో ఫోను

మా అక్కతో వేగడం మహా కష్టం. బస్సులో ఎవరైనా ఆమె కాలు తొక్కితే సారీ ఆమే చెబుతుంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేది దొంగే అంటారు గానీ, ఏ గుమ్మడికాయా ముట్టని మా అక్క రోజుకు పదిసార్లు తడుముకుంటుంది. ఆమె క్లర్కుగా పనిచేసే స్కూల్లో టీచర్లు 'సారీ మేడమ్' అని పేరు కూడా పెట్టేశారు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఒంట్లో బాగాలేదని ఒక్క సెలవు పెట్టలేదు. "ఎందుకక్కా ఈ చాకిరీ?" అంటే "పోనీలేరా" అంటుంది. ఆ 'పోనీలేరా' వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

ఆ సారీ ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. మా నాన్న ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసేవాడు. పనిలేని రోజుల్లో తాగేవాడు, పోనుపోను పనిచేసే రోజులే తగ్గిపోయాయి. అమ్మది ఆసుపత్రిలో బట్టలుతికే పని, తెల్లవారకుండానే వెళ్ళిపోయేది. నాన్న లేవని రోజున ప్రెస్సుకు కబురు చెప్పే బాధ్యత పదకొండేళ్ళ అక్కది. ఎదురింటివాళ్ళ ఫోను దగ్గర నిలబడి, గొంతు లావు చేసుకుని, అచ్చం అమ్మలా "ఆయనకి జ్వరమండీ, లేవలేకపోతున్నారు" అనేది. తర్వాత ఇంటికొచ్చి నాన్నను పక్కకు తిప్పి, మళ్ళీ వెల్లకిలా దొర్లకుండా వీపు వెనక దిండు పెట్టేది. వాంతి అయితే గొంతుకు అడ్డం పడుతుందని ఆమె భయం. అది ఎవరు నేర్పారో ఇప్పటికీ చెప్పదు. నేను లేచి ఏమిటక్కా అంటే, "ఏం లేదు. నువ్వు పడుకోరా" అనేది. నేను పడుకునేవాణ్ణి. అప్పుడు నాకు ఆరేళ్ళు.

అయిదేళ్ళ తర్వాత నాన్న పోయినప్పుడు ప్రెస్సు మేనేజరు పలకరించడానికి వచ్చాడు. అక్కను చూసి నవ్వుతూ, "నీ ఫోను కోసం ఎదురుచూసేవాళ్ళం అమ్మాయ్. అచ్చం మీ అమ్మలా ఎంత బాగా మాట్లాడేదానివి! అందర్నీ పిలిచి వినిపించేవాణ్ణి" అన్నాడు. అంటే అందరికీ తెలుసు. ఆ ఇంట్లో ఏం జరుగుతోందో కనుక్కుందామని ఒక్కడికీ తోచలేదు, వినోదం మాత్రం చూశారు. మెడపట్టి గెంటాలనిపించింది. అక్క "సారీ అండీ" అంది.

పోయిన సోమవారం పొద్దున్నే ఆ స్కూలు ఆఫీసులో జిరాక్సు మిషను మొరాయిస్తే బాగుచేయడానికి వెళ్ళాను. నా పని అదే. మిషను విప్పి కూర్చున్నానో లేదో ఫోను మోగింది. అక్కడి ఫోనులో రహస్యం చెప్పినా వరండా దాకా వినిపిస్తుంది.

"నమస్కారమండీ. ఆరో తరగతి బి సెక్షన్ పాప వాళ్ళ అమ్మని మాట్లాడుతున్నాను. పాపకి జ్వరమండీ. నూటొకటి పాయింట్ నాలుగు. మాత్ర వేశాను, పాలు తాగింది. దయచేసి సెలవు మంజూరు చేయగలరు."

అక్క చేతిలో పెన్ను ఆగింది. నా చేతిలో స్క్రూడ్రైవరు కూడా ఆగింది. అసలు అమ్మలైతే "మాది ఇవాళ రాదండీ" అని టక్కున పెట్టేస్తారు. పాయింట్ నాలుగు దాకా అప్పజెప్పేది పిల్లలే.

అక్క రిసీవర్ని చేత్తో మూసి, "ఈ నెల్లో ఆరోసారిరా" అంది. బల్ల మీద హెడ్మాస్టరు రాసిన కాగితం ఉంది. ఇక ఫోన్లు కుదరవు, తల్లి స్వయంగా రావాలి, రాకపోతే పిల్ల పేరు కొట్టేయండి అని. తండ్రి లేక తల్లీ ఇద్దరు పిల్లలే ఉండే ఆ ఇంట్లో ఏదో తేడాగా ఉందండీ అని అక్క రెండుసార్లు చెప్పిందట. "ఇళ్ళన్నాక సవాలక్ష ఉంటాయమ్మా, మనకెందుకు?" అన్నాడట. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

"దొంగ గొంతని తెలుసని చెప్పెయ్యక్కా" అన్నాను కోపం ఆపుకోలేక. అక్క తల అడ్డంగా ఊపింది. నాకు ఆ మాత్రం తెలివి లేదు. దొరికిపోయానని తెలిస్తే ఆ పిల్ల మళ్ళీ ఫోను ముట్టుకోదు.

"మంచిదండీ" అంది అక్క ఫోనులో. "మీ పాప భయపడుతోందా?"

అవతల గొంతు సవరించుకున్న చప్పుడు.

"కొంచెమండీ" అంది ఆ లావు గొంతు.

"ఒక్కసారి పాపకి ఫోనివ్వండి. తిట్టను. ఒట్టు."

ఫోను దేనిమీదో పెట్టిన చప్పుడు. రెండడుగులు దూరంగా వెళ్ళాయి. రెండడుగులు మళ్ళీ వెనక్కి వచ్చాయి.

"ఆఁ, మేడమ్" అంది ఈసారి సన్నటి గొంతు.

అక్క జ్వరం ఊసే ఎత్తలేదు. "అమ్మ ఎలా పడుకుందమ్మా? వెల్లకిలానా, పక్కకా?"

"పక్కకేనండీ. వీపు వెనక దిండు పెట్టాను."

"తమ్ముడేడీ?"

"పడుకున్నాడండీ."

నేను మిషనులో తల దూర్చేశాను. ఏడుపొచ్చింది. ఏడుపుకంటే కోపం ఎక్కువొచ్చింది. ముప్పై అయిదేళ్ళు గడిచినా ఆ దిండు ఇంకా పిల్లలే పెడుతున్నారు, ఊరంతా ఇంకా ఫోనే వింటోంది.

"నేను వస్తున్నాను. మేడమ్ అంటే తలుపు తియ్యి" అని అక్క ఫోను పెట్టేసి, అడ్మిషన్ల రిజిస్టరులో అడ్రసు చూసి, సంచీ భుజాన వేసుకుంది. గుమ్మంలో హెడ్మాస్టరు ఎదురయ్యాడు.

"ఎక్కడికమ్మా? ఇంకా బెల్లే కొట్టలేదు."

"సెలవండీ."

"నువ్వా? ఏమిటి, జ్వరమా?"

"జ్వరం కాదండీ. ఆ పిల్ల పేరు మాత్రం కొట్టకండి."

ఆయన సారీ కోసం ఎదురుచూశాడు. అది రాలేదు.

"నేనూ రానా అక్కా?" అన్నాను వరండాలోకి పరుగెత్తి.

"ఏం లేదు. నువ్వు పడుకోరా" అంది, పొద్దున్న తొమ్మిది గంటలకి. అనేసి తనే ఆగిపోయింది.

స్కూటరు తాళాలు తీసుకుని ఆమెకంటే ముందు మెట్లు దిగాను.