రోమ్‌లో ఎండిన కాలువ, మా ఊళ్ళో నీళ్ళున్న బావి

మా ఊరి దిగుడుబావి గురించి నేను చెప్పిన మాట ఇంతవరకు ఎవరూ చెవిన పెట్టలేదు. కదిరి దగ్గర చిన్న పట్నం మాది. బజారులో అంగళ్ళ వెనక ఉంది ఆ బావి, చెత్తతో నిండిపోయి. దాన్ని బాగు చేయమని మున్సిపల్ ఆఫీసుకు పోతే కూర్చోమని కూడా అనలేదు. "ఏమప్పా, మళ్ళా బావేనా? ఇంట్లో నీకు పనేం చెప్పరా?" అన్నాడు గుమాస్తా. పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది.

ఆ ఏడాదే మా బామ్మర్ది నన్ను వెంటబెట్టుకుని రోమ్ చూడటానికి పోయాడు. అక్కడ ఒక పెద్ద బట్టల అంగడిలో మెట్లు దిగితే, పాతకాలం రోమన్లు కమానుల మీద కట్టిన నీళ్ళ కాలువ. పైన కోట్లు, చొక్కాలు అమ్ముతున్నారు. కింద రాతి కమానులకు దీపాలు పెట్టి, కాపలాకు ఒకావిడను నిలబెట్టారు. అంగడి కట్టడానికి తవ్వుతుంటే బయటపడిందట. అంగడీ కట్టుకున్నారు, కాలువనూ ఉంచుకున్నారు.

నేను చెప్పులు విడిచాను. గంగమ్మ ఉండే చోటని మా బావి పైమెట్టు దగ్గరే విడుస్తాం, ఆ అలవాటు. కాపలా ఆవిడ కంగారుగా వచ్చి నా కాళ్ళు చూపిస్తూ ఏదో అంది.

"బావా, ఇదేం గుడి కాదు. చెప్పులేసుకో, అందరూ మనల్నే చూస్తాండారు," అన్నాడు బామ్మర్ది.

"నీళ్ళు యాడుండాయి?"

"నీళ్ళా? ఎప్పుడో ఎండిపోయినాయంట."

చుక్క నీళ్ళు లేని కాలువకు ఇంత మర్యాదా! మా బావిలో శెనక్కాయ పొట్టు, ప్లాస్టిక్ సంచులు పక్కకు తోసి రాయి వేస్తే ఇప్పటికీ బుడుంగుమంటుంది. ఎండలు ముదిరే ముందు అంగడికొక మనిషి దిగి పూడిక తీయడం మా బజారు కట్టుబాటు. మా అంగడి తరఫున నాయన దిగేవాడు, నడుము దాకా బురదలో. బోర్లు వచ్చాక ఆ కట్టుబాటు పోయింది.

ఫోటో తీస్తానంటే ఆ కమాను పక్కన నిలబడనన్నాను.

"రాళ్ళ మీద గూడా అలుగుతావా బావా?" అని నవ్వాడు బామ్మర్ది.

అలిగాను. ఆ రాళ్ళ భోగం నేను చూడలేకపోయాను.

ఊరికి తిరిగొచ్చేసరికి మా బావి గట్టున మట్టి కుప్పలు పోసి ఉన్నాయి. పూడ్చేసి, బండ్లు నిలపడానికి చోటు చేస్తారట. గుమాస్తా దగ్గరికి పోయి రోమ్‌లో చూసిందంతా చెప్పాను.

"అంత బాగుంటే పోయి ఆడనే చెప్పుకో అన్నా," అన్నాడు.

పోను. మట్టి ఇంకా గట్టు మీదే ఉంది, లోపల పడలేదు. నీళ్ళున్న బావిని ఎందుకు పూడుస్తున్నారు? ఆ ఆఫీసులో కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు ఎవరైనా సరే, ఈసారి నా ముఖం చూసి జవాబు చెప్పండి.