ఆయిల్ కారే సేపు

ఆళ్ళగడ్డలో పాత నంద్యాల రోడ్డు మీద హుస్సేన్ పీరా షెడ్డుకు బోర్డు లేదు. ఒక పక్క టైర్లకు పంక్చర్లు వేసే కొట్టు, ఇంకో పక్క దేవుళ్ళను చెక్కే శిల్పుల పాక. మధ్యలో నల్లటి నేల కనిపిస్తే అదే పీరా షెడ్డు. ఎన్నో ఏళ్ళ ఇంజనాయిల్ తాగి ఆ నేల వానకు కూడా తడవదు.

పీరా లారీ మెకానిక్కే గానీ, ఆగిపోయిన లారీ అంటే అతనికి ఒళ్ళు మంట. ఇంజన్ పట్టేసిందని గొలుసు కట్టి లాక్కొచ్చిన డ్రైవర్‌ని ముందు తిట్టి, తర్వాతే బానెట్ ఎత్తేవాడు. "ఊపిరి పొయ్యేదాకా ఏం జేస్తాండావప్పా? ముందే వచ్చింటే ఫిల్టర్‌తో పొయ్యేది గదా!" అనేవాడు. ఆ మాట అనని రోజు లేదు. బండి బాగున్నప్పుడే తెచ్చేవాళ్ళంటే మాత్రం అతనికి ప్రాణం. ఏ చప్పుడూ లేని లారీకి ఆయిల్ మార్చడంలో అతనికి ఒక సుఖం ఉండేది. జ్వరం రాకముందే పిల్లాడి నుదురు తడిమి చూసే తల్లి లాంటివాడు, లారీల విషయంలో.

అతని గిరాకీలో ఎక్కువ భాగం బేతంచెర్ల నుంచి బండలు వేసుకొచ్చే లారీలే. బండ కోసే చోట గాలిలోనే సున్నపు పొడి. అది ఎయిర్ ఫిల్టర్‌ని ముక్కు మూసినట్టు మూసేస్తుంది. డ్రైవర్లు దాన్ని ఊడదీసి టైరుకేసి నాలుగు బాది మళ్ళీ బిగిస్తారు. లోపలి కాగితం చిరిగి పొడంతా ఇంజన్లోకి పోతుందని పీరా మొత్తుకున్నా వినరు. ఆయిల్ ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో కంపెనీ వాళ్ళు పుస్తకంలో రాసే ఇస్తారు. దుమ్ములో తిరిగే బండికైతే అంతకు ముందే మార్చమని ఆ పుస్తకంలోనే ఇంకో పేజీలో ఉంటుంది. ఆ పేజీ ఎవరూ తిప్పరు. పీరా తిప్పించేవాడు.

ఆయిల్ మార్చడానికి అతనికో పద్ధతి ఉంది. ఇంజన్ వేడిగా ఉండగానే అడుగున బోల్టు విప్పాలి. మొదట తాడు లావున నల్లగా దూకుతుంది, తర్వాత దారమవుతుంది, ఆ తర్వాత చుక్కలు. తొందరపడేవాళ్ళు దారమవగానే బోల్టు బిగించేస్తారు. పీరా బిగించడు. ఆఖరి చుక్కలోనే అసలు మురికి ఉంటుందని అతని వాదన. అది ఎంతవరకు నిజమో గానీ, ఆ చుక్కలు పడే సేపు డ్రైవర్‌కీ మెకానిక్‌కీ కూర్చోవడం తప్ప వేరే పని ఉండదు. కూర్చుంటే మాటలు వస్తాయి. ఉయ్యాలవాడలో పత్తి ధర, మహానంది తిరణాలలో తప్పిపోయి దొరికిన మరదలు, క్వారీ ఓనర్ కొత్త పెళ్ళాం, అన్నీ ఆ చుక్కల కింద పడ్డవే. లారీలకు ఆయిల్ గడువు ఎలాగో పీరాకి మనుషుల గడువు అలాగ. ఫలానా బండి ఈ వారం రావాలి అనుకున్నాడంటే, ఫలానా మనిషితో మాట్లాడొచ్చు అనుకున్నట్టే.

ఇప్పుడు బండ్లు వస్తున్నాయి, మాటలు రావడం లేదు. పీరాకి చెవుడు. అతనికి ఇప్పుడు కావలసింది ఒకటే, ఎవరైనా తనతో కాసేపు మాట్లాడాలి. ఎవరో దాకా ఎందుకు, ఇంట్లో భార్య మదార్‌బీ మాట్లాడితే చాలు.

చిన్నప్పటినుంచీ అతనికి చెవి కారేది. దూది పెట్టుకుని పని చేసుకునేవాడు. చప్పుళ్ళు ఒక్కొక్కటిగా తగ్గాయి. ముందు పక్క పాకలో ఉలి చప్పుడు పోయింది. శిల్పులు పనిలో బద్ధకిస్తున్నారనుకున్నాడు. తర్వాత డ్రైవర్లు గొణుగుతున్నట్టు అనిపించింది. ఈ కాలం వాళ్ళకు నోరు తెరిచి మాట్లాడటం కూడా బరువైపోయిందని విసుక్కున్నాడు. తన చెవి మీద మాత్రం అనుమానం రాలేదు. దానికి కారణం ఒక రాడ్డు.

లారీ మెకానిక్కులు చాలామంది చేసే పనే అది. ఇంజన్ లోపల ఏముందో వినాలంటే మూరెడు ఇనుప రాడ్డు కొన ఇంజన్‌కి ఆనించి, రెండో కొన చెవి వెనక ఎముకకు నొక్కిపెడతారు. ట్యాపెట్లు వదులయ్యాయా, బేరింగ్ అరిగిందా అన్నీ రాడ్డు వెంట నడిచి వస్తాయి. పీరాకి ఆ రాడ్డులో ఇంజన్ ఎప్పటిలాగే ఖణేల్మని వినిపించేది. ఇంజన్ గుండెలో గీత పడితే పట్టుకోగల చెవి బాగాలేకుండా ఎలా ఉంటుంది? కాబట్టి పాడైంది లోకమే అని తేల్చుకున్నాడు. అంత పెద్ద మెకానిక్కు, అంత చిన్న లెక్క తప్పాడు.

తర్వాత తర్వాత అతనికీ తెలిసింది. తెలిశాక దాచాడు. చెవిటి మెకానిక్ చేతికి లారీ ఎవరిస్తారు? ఎదుటివాళ్ళ మొహం చూసి తలాడించడం నేర్చుకున్నాడు. నవ్వితే నవ్వాడు, మొహం వేలాడేస్తే "అయ్యో" అన్నాడు. షెడ్డులో ఆ నాటకం బాగానే నడిచింది. అదే నాటకం ఇంటికీ తీసుకెళ్ళాడు, అదే అతని పాపం. మదార్‌బీ మాటకారి. అన్నం పెడుతూ, చెంబు కడుగుతూ, దుప్పటి పరుస్తూ మాట్లాడుతూనే ఉండేది. అతను తలాడిస్తూ ఉండేవాడు. ఆమె మాటలు ఎప్పుడు తగ్గాయో అతను గమనించలేదు. వినబడని మాట ఆగిపోయినా, వినబడని వాడికి ఏం తేడా తెలుస్తుంది? ఒకరోజు తలెత్తి చూస్తే ఆమె పెదాలు కదలడం లేదు, అంతే. ఇప్పుడు వేళ్ళతోనే అన్నీ. కంచం చూపిస్తే అన్నం, చన్నీళ్ళా వేడినీళ్ళా అనడానికి ఒక సైగ. కోయిలకుంట్లలో ఉన్న కూతురు ముంతాజ్ ఫోన్ చేస్తే మాత్రం గడప మీద కూర్చుని గంటలకొద్దీ మాట్లాడుతుంది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. పీరా మంచం మీద నుంచి ఆ నవ్వు చూస్తుంటాడు. అసూయ పడతాడు, కన్న కూతురి మీద.

ముంతాజే పట్టుబట్టి నంద్యాలలో చెవి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన లైటు వేసి చూసి, కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. లోపల నరం బాగానే ఉంది, చప్పుడు లోపలికి పోయే దారినే చీము తినేసింది; ఎముక గుండా వచ్చేది మాత్రం నరానికి అందుతుంది. అంటే ఇంజన్ బాగుంది, ఫిల్టర్ కట్టేసిందన్నమాట అనుకున్నాడు పీరా. ఆ కాగితం కిందే డాక్టర్ ఇంకో ముక్క రాశాడు: "ముందే వచ్చి ఉంటే బాగుండేది." పీరా ఆ ముక్క చదివి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. చెవిలో పెట్టుకునే మిషన్ ఇచ్చారు గానీ, చెవి కారి అది తడిసి ఈల వేయడం మొదలుపెట్టింది. చెవి ఆరేదాకా పెట్టుకోవద్దన్నారు. చెవి ఆరలేదు.

ఆ మిషన్ చూశాక షెడ్డులో గుట్టు బయటపడింది. లారీలు ఆగలేదు. రాడ్డు ఉన్నంతకాలం పీరా పని పీరాదే అని అందరికీ తెలుసు. కానీ ఆయిల్ కారే సేపు డ్రైవర్లు ఇప్పుడు సెల్‌ఫోన్ చూసుకుంటారు. పీరా చుక్కలు చూసుకుంటాడు.

మొన్న పొద్దున పరంజ్యోతి లారీ వచ్చింది. పరంజ్యోతి బేతంచెర్ల బండలు తోలే పాత డ్రైవరు, గడువు దాటనివ్వని మనిషి. ఒకప్పుడు అతని బండి వచ్చిందంటే పీరా రెండు టీలు ముందే చెప్పి ఉంచేవాడు. ఆ రోజు కూడా ఆయిల్ దించారు. పీరా రెండు వేళ్ళ మధ్య చుక్క రుద్ది చూశాడు, గరుకు లేదు. కొత్త ఫిల్టర్ బిగించి, కొత్త ఆయిల్ పోసి, స్టార్ట్ చేయమని సైగ చేశాడు. రాడ్డు ఇంజన్‌కి ఆనించి, చెవి వెనక పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. మూడో ట్యాపెట్ కొంచెం వదులు. మిగతాదంతా సాఫీ. ఇంజన్ ఆపేశాక కూడా అతను రాడ్డు తీయలేదు. చల్లారే ఇనుము టిక్కు టిక్కుమనడం కూడా అతనికి ఒక పలకరింపే.

పరంజ్యోతికి ఏం తోచిందో, ఎగతాళికే చేశాడో, వంగి రాడ్డు కొనను ఇంజన్ మీద నుంచి తీసి తన గడ్డం ఎముకకు ఆనించుకున్నాడు.

"పీరన్నా, నాకేం రోగమో సూడు. నాకూ ఆయిల్ మార్చాల్నేమో!"

పీరా ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. గోడ అవతలి నుంచి వచ్చినట్టు వచ్చింది గొంతు. బొంగురుగా, బీడీ కంపు కొట్టినట్టుగా, అచ్చం పరంజ్యోతిలాగే.

"మళ్ళా అను," అన్నాడు పీరా.

"ఏందీ, ఇనపడ్తాందా నీకు?"

"ఇనపడ్తాంది రా! మాట్లాడు, ఏదన్న మాట్లాడు!"

పరంజ్యోతి నవ్వాడు. ఆ నవ్వు రాడ్డులో గిలగిలలాడి పీరా తలంతా తిరిగింది. గడ్డం కింద ఇనుము పెట్టుకునే పరంజ్యోతి తన కొడుకు ప్రవీణ్ పెళ్ళి సంగతి, క్వారీలో కొత్త మేస్త్రీ సంగతి, బనగానపల్లె దగ్గర రోడ్డు సంగతి చెప్పుకొచ్చాడు. పంక్చర్ కొట్టువాడు పని ఆపి చూస్తూ నిలబడ్డాడు. ఒకడు ఇంకొకడి గడ్డానికి రాడ్డు పెట్టి కళ్ళనీళ్ళు కారుస్తుంటే ఎవడైనా చూస్తాడు. లోడు ఆలస్యమవుతుందని పరంజ్యోతి వెళ్ళిపోయాడు. ట్యాపెట్ సరిచేశాడో లేదో కూడా పీరాకి గుర్తులేదు. సరిచేసే ఉంటాడు, చేతులకు అలవాటు.

మధ్యాహ్నం కాకముందే షెడ్డుకు తడిక అడ్డం పెట్టాడు. రాడ్డును డీజిల్‌తో కడిగి, సబ్బుతో కడిగి, పంచెతో తుడిచి, తన మోటార్ సైకిల్ మీద అడ్డంగా పెట్టుకుని ఇంటికి పోయాడు. దారి పొడుగునా మదార్‌బీ గొంతు గుర్తు తెచ్చుకున్నాడు. సన్నగా, చివర్లో పైకి లేచే గొంతు. పెళ్ళైన కొత్తలో పక్కింటివాళ్ళు పాట పాడుతోందనుకునేవాళ్ళు.

ఆమె కంచం పెట్టి, చెయ్యి కడుక్కోమని సైగ చేసింది. అతను కూర్చోకుండా రాడ్డు చూపించాడు.

"దీన్ని గడ్డానికి పెట్టుకో. మాట్లాడు. ఇనపడ్తాది నాకు."

మదార్‌బీ రాడ్డు వంక చూసింది, మొగుడి వంక చూసింది. పెదాలు కదిలాయి. 'నేనేమన్నా లారీనా' అన్నట్టుంది. అతను వదల్లేదు. తనే కొనను మెల్లగా ఆమె గడ్డానికి ఆనించి, రెండో కొన తన చెవి వెనక నొక్కుకుని, కళ్ళు మూసుకున్నాడు.

ముందు ఊపిరి వినిపించింది. తర్వాత గుటక.

"ఏం జెప్పేది?" అంది మదార్‌బీ.

ఆ గొంతు పీరాకి తెలియదు. మందంగా, అలిసిపోయి, మధ్యలో జీర పడిన ముసలామె గొంతు. తను గుర్తు తెచ్చుకుంటూ వచ్చిన గొంతు ఎప్పుడో వెళ్ళిపోయింది. అది ముసలిదవుతున్నంతకాలం తను పక్కనే కూర్చుని అన్నం తిన్నాడు.

"ఏదో ఒకటి జెప్పు. నీకు తోచింది."

"అన్నీ చెప్పేసినా. నువ్వే ఇనలే."

"ఎప్పుడు?"

"మాయమ్మ సచ్చిపోతే ఉయ్యాలవాడ నుంచి బస్సులో వస్తాంటిమి గదా. దావంతా చెప్పినా. మాయమ్మ నన్నెట్ల సాకిందీ, ఆఖరుకు ఏమన్నదీ, అంతా. నువ్వు తలకాయ ఊపుకుంట కిటికీలోంచి చూస్తాంటివి. అంతా అయినాక ఏమన్నావో తెల్సా? ముందర పొయ్యే లారీకి ఫిల్టర్ కట్టేసింది, నల్లపొగ వస్తాందంటివి."

పీరాకి ఆ పొగ గుర్తుంది. బస్సు గుర్తులేదు.

"మళ్ళా చెప్పు. ఇప్పుడు ఇంటా."

ఊపిరి వచ్చింది. గుటక వచ్చింది. ఆమె నిజంగానే మాటలు వెతుక్కుంటోందని అతనికి తెలిసింది. కోపం ఉంటే బాగుండేది, కోపంలో మాటలు ఉంటాయి.

"రాదు," అంది చివరికి. "ఆపొద్దు వచ్చింది. నీతో ఏం మాట్లాడాల్నో అలవాటు తప్పిపోయింది. తిను, సల్లగైపోతాంది."

ఆమె గడ్డం వెనక్కి తీసుకుంది. అదే సమయానికి ఫోన్ వెలిగింది, ముంతాజ్ పేరు. మదార్‌బీ దాన్ని పట్టుకుని గడప దగ్గరికి పోయి కూర్చుంది. పీరా రాడ్డును చెవి వెనక నుంచి తీయలేదు. రెండో కొన దగ్గర ఎవరూ లేరు.