మైనస్‌లో పడ్డ మామ్మ రామనామాలు

ఇంజనీరింగ్‌లో నేను తప్పిన సబ్జెక్టు ఒక్కటే, సి లాంగ్వేజి. ఈసారైనా అది గట్టెక్కితే లక్ష రామనామాలు రాసి భద్రాచలం పంపిస్తానని మా మామ్మ మొక్కుకుంది. అంతటితో ఆగక, పరీక్ష రాకముందే రాయడం మొదలెట్టేసింది. చదవాల్సింది నేను, చెయ్యి నొప్పి పుట్టేది ఆవిడకి. సిగ్గేసి, ఎన్ని రాసిందో లెక్కపెట్టే ప్రోగ్రాం రాసిస్తానన్నాను. రామచంద్రపురంలో మా ఇంట్లో అప్పటికే ఓ సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ ఉండేది. దాని మానిటర్‌కి మామ్మ రోజూ బొట్టు పెట్టేది.

ప్రోగ్రాం రాస్తుంటే పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. కంపైల్ చెయ్యగానే తెర మీద వార్నింగు వచ్చింది. పెద్ద అంకెని చిన్న డబ్బాలో కుక్కుతున్నావు, కొంత పోవచ్చు, అని దాని సారాంశం. హెచ్చరికే కాబట్టి ప్రోగ్రాం ఎలాగూ నడుస్తుంది. మామ్మ మాత్రం, రాముడి పనికి కూర్చోగానే ఈ అపశకునమేంటి, అది పోవాల్సిందేనని పట్టుబట్టింది. కారణం వెతికే ఓపికే ఉంటే ఆ సబ్జెక్టు ఎందుకు తప్పుతాను? ఆప్షన్స్‌లోకి వెళ్లి వార్నింగులన్నీ రాకుండా ఆపేశాను. తెర శుభ్రంగా ఉందని మామ్మ హారతిచ్చింది.

రోజూ ఎన్ని రాసిందో ఆవిడ చెప్పేది, నేను కొట్టేవాణ్ణి. ముప్పై రెండు వేల ఏడు వందల దగ్గర ఓ రోజు నూట ఎనిమిది కలిపాను. మైనస్ ముప్పై రెండు వేల ఏడు వందల ఇరవై ఎనిమిది అని వచ్చింది.

ముందున్న ఆ అడ్డగీత ఏంటని మామ్మ అడిగింది. సున్నా కంటే కింద అని చెప్పాను, నోరు ఊరుకోక. ఆవిడ మొహం పాలిపోయింది. రాముడు తన నామాలు తీసుకోలేదని తేల్చేసుకుంది. ఎందుకో కూడా తనే తేల్చింది. గోడ దాటి మా పెరట్లోకి వాలిన మునగకొమ్మ గొడవలో పక్కింటావిడతో పదకొండేళ్లుగా మాటల్లేవు, నామాలు రాస్తూ కూడా ఆవిణ్ణి లోపల తిట్టుకుంటూనే ఉంది. నేను ఆపేలోగా గిన్నెడు పులిహోర పట్టుకుని పక్కింటికి వెళ్లిపోయింది.

"తప్పు నాదేనండి వదినగారూ" అందట. పక్కింటావిడ ఏడ్చేసి, ఆ కొమ్మ కొట్టించేస్తానందట.

ఈలోగా నేను వార్నింగులు మళ్లీ పెట్టి చూశాను. కంప్యూటర్ మొదటిరోజు చెప్పిన మాటే మళ్లీ చెప్పింది. నేను వాడిన ఇంట్ అనే డబ్బా మైనస్ అంకెలకీ చోటివ్వాలి కాబట్టి, పైకి ముప్పై రెండు వేల ఏడు వందల అరవై ఏడు దాకానే పడుతుంది. అది దాటితే ఆ చివర మైనస్‌లో తేలుతుంది. దాన్ని తీసి పెద్ద డబ్బా పెట్టి, మామ్మ పుస్తకాలు చూసి అంకెలన్నీ మళ్లీ కొట్టాను. ముప్పై రెండు వేల ఎనిమిది వందల ఎనిమిది, అడ్డగీత లేకుండా వచ్చింది.

మామ్మ తిరిగొచ్చాక ఉన్నదున్నట్టు చెప్పాను. రాముడికి కోపం లేదని తెలిసి సంతోషిస్తుందనుకున్నాను. ఆవిడ కుర్చీలో కూలబడి, పక్కింటి గోడవైపు ఓసారి చూసి, గొంతు తగ్గించింది.

"పదకొండేళ్ల పట్టుదల నీ డబ్బా పుణ్యాన వదిలేశానన్నమాట. ఈ ముక్క వదినగారి చెవిన పడిందో, మిగిలిన అరవై ఏడు వేల నామాలూ నువ్వు పరీక్ష తప్పాలని రాస్తానురా."